కార్తీకంలో ఓణీల వేడుకకు సలాడ్లు: ముందు ఊట సంగతి, తర్వాత ఆవ సంగతి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కార్తీకమాసంలో మీ అమ్మాయి ఓణీల వేడుకకు 60 మంది వస్తారు, విందులో నాలుగు రకాల సలాడ్లు పెట్టాలని ఉంది, కానీ చేసిన గంటకే నీళ్లు కారిపోతున్నాయన్నారు. సీసాల్లో దొరికే డ్రెస్సింగులు, అంటే సలాడ్ ముక్కలకు పట్టించే నూనె-పులుపు కలిపిన రసాలు, ఇంట్లో పెద్దవాళ్లకు రుచించడం లేదని కూడా రాశారు. రెండింటికీ జవాబు మన వంటింట్లోనే ఉంది. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

విశాఖపట్నంలో ఒక హోటలు వంటగదిలో ఆరేళ్లు సలాడ్ల బల్ల దగ్గరే పనిచేశాను. తర్వాత పాలకొల్లు దగ్గర మా ఊరికి తిరిగొచ్చి, చిన్న చిన్న వేడుకలకు వంట చేస్తున్నాను. వచ్చిన తొలి వేసవిలో మా మేనకోడలి ఓణీల వేడుక. ఉదయం ఎనిమిది గంటలకే కీరా, టమాటా, ఉల్లిపాయలు తరిగి, ఉప్పు, నిమ్మరసం కలిపి గంగాళంలో మూతపెట్టాను. పన్నెండున్నరకు మూత తీస్తే ముక్కలు సగానికి కుంగి నీళ్లలో తేలుతున్నాయి. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు పొద్దున్నే వేశావా? మాగాయ ముక్కలకు ఊట దిగాలని కదరా మనం ఉప్పు వేసేది" అంది.

హోటల్లో ఆరేళ్లు చేసిన పని నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. కీరాలో నూటికి 95 పాళ్లు నీరే. ముక్కకు ఉప్పు తగలగానే లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. మాగాయకు కావలసింది అదే, సలాడ్‌కు అక్కరలేనిది కూడా అదే. అసలు సలాడ్ అనే మాటే లాటిన్‌లో ఉప్పుకున్న 'సాల్' అనే పేరు నుంచి వచ్చింది. అందుకే ఉప్పు ఎప్పుడు వేస్తున్నామన్నది అన్నిటికన్నా ముఖ్యం. దానికి రెండే వేళలున్నాయి. ముందే వేస్తే ఆ ఊటను వంపేయాలి. లేదా వడ్డనకు పది నిమిషాల ముందు వేయాలి. ఈ రెంటికీ మధ్య ఎప్పుడు వేసినా నీళ్లే మిగులుతాయి.

కీరాకు నేను మొదటి పద్ధతి వాడతాను. నిలువుగా చీల్చి గింజల భాగాన్ని చెంచాతో గీకేసి, వేలి మందాన ముక్కలు కోస్తాను. కిలో ముక్కలకు రెండు చిన్న చెంచాల ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో అరగంట ఉంచుతాను. కింద గ్లాసు దాకా నీరు దిగుతుంది. తర్వాత ముక్కల్ని ఒకసారి కడిగి, పొడిబట్టలో వేసి మెల్లగా ఒత్తుతాను. ఇలా చేసిన కీరా మెత్తబడదు, ఇంకా కరకరలాడుతుంది. టమాటాకు ఇంత పని వద్దు. గట్టి కాయలు ఎంచుకుని గింజల గుజ్జు తీసేస్తే చాలు, ఆ గుజ్జు చారులోకి పనికొస్తుంది. ముక్కలు పెద్దవిగా కోయండి. గ్రీకులు తమ పల్లెటూరి సలాడ్‌లో టమాటా, కీరా పెద్ద పెద్ద ముక్కలుగానే వేస్తారు. కోసిన అంచు ఎంత తక్కువైతే కారే రసం అంత తక్కువ. పెళ్లి విందుల్లో కనిపించే సన్నటి తరుగు చూడ్డానికి బాగుంటుంది గానీ పది నిమిషాలు నిలవదు.

ఇక డ్రెస్సింగ్. ఫ్రెంచివాళ్ల పద్ధతిలో మూడు పాళ్ల నూనెకు ఒక పాలు వెనిగర్ పోసి, కొంచెం ఆవ ముద్ద వేసి గిలకొడతారు. ఆవ రుచి కోసం మాత్రమే కాదు. నూనె, పులుపు వాటంతట అవి కలవవు, గిలకొట్టి వదిలితే నిమిషంలో విడిపోతాయి. ఆవగింజ పొట్టులోని జిగురు, మెత్తటి పిండి కలిసి నూనె బొట్లను పట్టి ఉంచుతాయి, అవి మళ్లీ ఒకచోట చేరవు. హోటల్లో ఇందుకోసం విదేశీ ఆవముద్ద సీసాలు తెప్పించేవారు. పనసపొట్టు కూరకు, కంద బచ్చలి కూరకు రోజూ ఆవ పెట్టే గోదావరి జిల్లాల వాళ్లం మనం. డ్రెస్సింగ్ కోసం ఆ సీసా కొనవలసిన అవసరం మనకు లేనే లేదు.

నేను చేసే తీరు ఇది. కిలో ముక్కలకు రెండు చిన్న చెంచాల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు పసుపు, ఉప్పు. ఆవాలను పావుగంట చన్నీళ్లలో నానబెట్టి, మిరపకాయతో కలిపి రోట్లో నూరతాను. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కితే ఆవ చేదవుతుంది. పొడి ఆవగింజలో ఘాటు ఉండదు. నలిగి నీరు తగిలాకే పుడుతుంది, పది నిమిషాలకు బాగా ఎక్కుతుంది. వేడినీళ్లు పోస్తే ఆ ఘాటు పుట్టదు. ముద్ద నూరాక పది నిమిషాలు ఆగి, అప్పుడు మూడు పెద్ద చెంచాల నిమ్మరసం కలపండి. పులుపు తగిలితే ఘాటు అక్కడితో నిలుస్తుంది, అందుకే తొందరపడి ముందే పిండకూడదు. ఆపైన ఆరు పెద్ద చెంచాల నువ్వుల నూనె, అదే మన పప్పునూనె, సన్నటి ధారగా పోస్తూ కవ్వంతో చిలకండి. చివర గోలీకాయంత బెల్లం. గానుగ నూనె అయితే ఇంకా మంచిది. మొదట పలుచగా ఉన్నది చిలికేకొద్దీ చిక్కబడి, లేత పసుపు రంగుకు తిరిగి గరిటెకు పట్టుకుంటుంది. చెంచాతో ఒక బొట్టు పళ్లెంలో వేసి చూడండి. చుట్టూ నూనె వలయం కట్టకపోతే కుదిరినట్లే.

ఆవ డ్రెస్సింగ్‌కు అన్నిటికన్నా తగిన జోడు అరటిదూట. రావులపాలెం చుట్టుపక్కల గెల కొట్టాక పడేసిన బోదెలు తోటల్లో గుట్టలుగా ఉంటాయి. రైతును అడిగితే ఒక ముక్క ఊరికే ఇస్తారు. పైపొరలన్నీ ఒలిచేస్తే లోపల తెల్లటి కడ్డీలా ఉంటుంది, అదే దూట. దాన్ని పలుచటి చక్రాలుగా కోస్తుంటే ప్రతి కోతకూ సాలెగూడు లాంటి పీచు సాగుతూ వస్తుంది. ఆ పీచును చూపుడు వేలికి చుట్టుకుంటూ పోవాలి. పది చక్రాలు కోసేసరికి వేలికి తెల్లటి ఉంగరంలా అవుతుంది. దాన్ని తీసి పడేసి మళ్లీ మొదలుపెట్టాలి. కోసిన చక్రాలు వెంటనే పలుచటి మజ్జిగలో పడాలి, లేకపోతే నల్లబడతాయి. తర్వాత నాలుగేసి చక్రాలు పేర్చి సన్నముక్కలు చేసి, మజ్జిగలో గరిటె తిప్పితే మిగిలిన పీచు కూడా గరిటెకు చుట్టుకుని వచ్చేస్తుంది. పిండేసిన ముక్కలకు వడ్డనకు ముందు ఆవ డ్రెస్సింగ్, కొత్తిమీర, రెండు గుప్పిళ్ల కొబ్బరికోరు కలపండి. హోటళ్ల సలాడ్లలో వేసే లెట్యూస్ ఆకు రుచి తెలియని మా ఊరి పెద్దలు ఈ సలాడ్‌ను రెండోసారి అడిగి వేయించుకుంటారు.

కార్తీకం అన్నారు కాబట్టి పంపర పనస దొరుకుతుంది. మన కోనసీమలో వినాయకచవితి పాలవెల్లికి కట్టే కాయ అదే. తొక్క, దాని కింది తెల్లటి బెండు, తొనల మీది పొర అన్నీ తీసేయాలి, చేదంతా వాటిలోనే ఉంది. లోపలి గులాబీ ముత్యాలను నలగకుండా విడదీసి, వేయించిన వేరుశనగ పప్పు పలుకులు, కొబ్బరికోరు, చీల్చిన పచ్చిమిర్చి, చెంచా బెల్లం పాకం, నిమ్మరసం కలపండి. దీనికి నూనె వద్దు. థాయిలాండ్‌లో ఈ కాయతో చేసే సలాడ్ చాలా పేరున్నది. వాళ్లూ కొబ్బరి, వేరుశనగ వేస్తారు. ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు. పంపర పనస కొన్ని రకాల కొలెస్టరాల్, బీపీ మందుల పనితీరును మారుస్తుంది. అలాంటి మందులు వాడే పెద్దలకు ముందే చెప్పండి, డాక్టరును అడిగాక తింటారు.

మూడోది మన వడపప్పే. శ్రీరామనవమి నాడు పానకంతో పాటు పంచేది, కన్నడిగులు కోసంబరి అనేది దాదాపు అదే. పెసరపప్పు గంటన్నర నానితే చాలు, గోటితో నొక్కితే విరగాలి. నీళ్లు పూర్తిగా వంచి, మీరు ఊట తీసి పెట్టుకున్న కీరాను ఇందులోకే వాడండి. కొబ్బరి, అల్లం తురుము, నిమ్మరసం, ఇంగువ పోపు. పోపు చల్లారాకే కలపాలి.

నాలుగోది రంగు కోసం బీట్‌రూట్, క్యారెట్, పెరుగు. బీట్‌రూట్‌ను తోక, తొక్క తీయకుండా ఉడికించండి, రంగు నీళ్లలోకి పోదు. కోశాక ముందు కొంచెం నూనె పట్టించి విడిగా ఉంచండి. పెరుగును బట్టలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, అందులో మిరియాలపొడి, పుదీనా కలిపి క్యారెట్ తురుముకు పట్టించండి. బీట్‌రూట్ ముక్కలు వడ్డించే పళ్లెంలోనే పైన పేర్చాలి. ముందే కలిపితే అంతా ఒకే గులాబీ ముద్ద అవుతుంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం, కొంచెం నూనె తోడైతేనే ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి నూనె మానేయాలని చూడకండి.

లెట్యూస్ దొరికితే వేయవచ్చు, దొరకలేదని బెంగపడనక్కర లేదు. వేసేపక్షంలో కడిగాక పూర్తిగా ఆరనివ్వండి, తడి ఆకుకు డ్రెస్సింగ్ పట్టదు. నూనె తగిలితే ఆకు వెంటనే వాడిపోతుంది, అందుకని విస్తరి ముందు కూర్చున్నాకే కలపాలి. మయోనైజ్ మాత్రం ఇంట్లో పచ్చిగుడ్డుతో చేయవద్దని గట్టిగా చెబుతాను. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది కూడా.

లెక్క చెబుతాను. ఒక్కొక్కరికి ఒక్కో సలాడ్ 50 గ్రాములు చొప్పున వేసుకుంటే 60 మందికి రకానికి 3 కిలోలు. డ్రెస్సింగ్ 100 గ్రాముల ముక్కలకు ఒక పెద్ద చెంచా మించకూడదు. అడుగున డ్రెస్సింగ్ నిలిచిందంటే ఎక్కువైందని గుర్తు.

పళ్లెంలో పెట్టే తీరు గురించి కూడా అడిగారు. టమాటా గులాబీలు, క్యారెట్ హంసలు చెక్కడానికి సమయం పెట్టకండి. ఎవరూ వాటిని తినరు, చెక్కేటంతసేపూ కూర వాడిపోతుంటుంది. వెడల్పాటి పళ్లెంలో అరటాకు పరిచి, రెండు వేళ్ల మందానికి మించకుండా సలాడ్ పరవండి. గుట్టగా పోస్తే అడుగుది నలిగి నీరొదులుతుంది. ఇత్తడి పళ్లెం అందంగా ఉంటుంది గానీ నిమ్మరసం తగిలితే చిలుము దిగుతుంది. కళాయి పూత లేకపోతే స్టీలు, పింగాణీ వాడండి. తెల్లటి దూట పక్కన ఎర్రటి బీట్‌రూట్, గులాబీ పంపర పనస పక్కన పచ్చటి కొత్తిమీర, ఆకు మీద ఆ రంగులు చాలు. అరటాకు నూనె తడికి మెరుస్తుంటే దాన్ని మించిన అలంకారం నేను హోటల్లోనూ చూడలేదు.

అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టకండి. సగం బయట, సగం లోపల. కోసిన పచ్చికూరలు, పెరుగు మామూలు వేడిలో రెండు గంటలు దాటి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటిన రోజున గంటే. పందిట్లో వేడిగా ఉంటే గిన్నెల కింద ఐసు పళ్లెం పెట్టించండి. కొబ్బరి వేసినది మిగిలితే రాత్రికి దాచవద్దు.

ముందురోజు సాయంత్రం చేయదగినవి మూడే. పంపర పనస ముత్యాలు విడదీసి ఫ్రిజ్‌లో పెట్టడం, బీట్‌రూట్ ఉడికించడం, వేరుశనగలు వేయించడం. దూటను ఉదయాన్నే కోయించండి. ఆవ మాత్రం వడ్డనకు అరగంట ముందు నూరాలి.

కార్తీకంలో ఉల్లి తినని వాళ్లు మీ బంధువుల్లో ఉండే ఉంటారు, సోమవారమైతే మరీను. ఉల్లిపాయను ఏ సలాడ్‌లోనూ కలపకుండా, చన్నీళ్లలో పావుగంట ఉంచి ఘాటు తగ్గించి, నిమ్మరసం పిండి విడి గిన్నెలో పెట్టండి. పులుపు తగిలి అది అందమైన గులాబీ రంగుకు తిరుగుతుంది. నిమ్మ బదులు ఉసిరి తురుము వాడాలనుకుంటే వడపప్పులో చక్కగా ఒదుగుతుంది. కానీ మీ వేడుక ఆదివారం నాడైతే ఉసిరి ముట్టని పెద్దలుంటారు, ముహూర్తం ఏ వారమో చూసుకుని నిర్ణయించుకోండి.