చి. రమ్యకు, ల్యాప్‌టాప్ విషయమై

మావయ్య ఆశీస్సులు.

విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ కూడా పెట్టుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంబరపడ్డాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ప్రాజెక్టు ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయటగా, వేరే కాపీ లేదటగా? ఇంత చదివి ఇదేం తెలివే తల్లీ! ముందు వాటిని బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించు. ఎక్కించాక రెండు మూడు తెరిచి చూసుకో.

సీ డ్రైవ్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించు. ఉబుంటుకి 25 జీబీ చాలంటారు గానీ, 80 ఇవ్వు. విండోస్‌ని పూర్తిగా ఆగనివ్వని ఆ ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపెయ్యి.

ఉబుంటు ఎక్కించేటప్పుడు పార్టిషన్ల తెర, అంటే డిస్కులోని ముక్కల్ని చూపించేది, వచ్చినప్పుడు మాత్రం ఆగు.

2001లో తెనాలి షాపులో, పెళ్ళిళ్ళ సీజన్లో, డీ డ్రైవ్ నిండా పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన శుభలేఖలే. మా దగ్గర పనిచేసే కుర్రాడు రెడ్ హ్యాట్ లినక్స్ సీడీలు తెచ్చాడు. లినక్స్‌లో సీ, డీ అని ఉండవుగా. హెచ్‌డీఏ1, హెచ్‌డీఏ2, హెచ్‌డీఏ5 అని వచ్చాయి. 1 విండోస్‌ది, 5 డీ డ్రైవ్ అని సరిగ్గానే పోల్చుకున్నాడు. 2 ఏమిటో అంతుపట్టలేదు. ఏ ఫైలూ లేదు కదా అని తీసేశాడు. ఆ రోజుల్లో డిస్కుకి నాలుగే ప్రైమరీ పార్టిషన్లు. అంతకు మించి కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి, మిగతావి దాని కడుపులో పెట్టేవాళ్ళం. ఆ 2 అదే. అది పోగానే 5 కూడా పోయింది. అక్కడితో ఆగినా పార్టిషన్ల పట్టిక తిరగరాసుకుని దక్కించుకునేవాళ్ళం. కానీ ఆ చోటే ఫార్మాట్ చేసి లినక్స్ ఎక్కించేశాడు.

వాడు గోడకానుకుని ఏడుస్తుంటే ఏమని తిట్టను? ప్రూఫు కాగితాలు చెత్తబుట్టలోంచి ఏరాం. అప్పటికి డిగ్రీ చదువుతున్న మీ అమ్మ, "పెళ్ళికూతురి ఇంటిపేరు తప్పుపడితే నన్నే అంటారన్నయ్యా" అని గొణుగుతూనే తెల్లవార్లూ అనూ ఫాంట్లలో మళ్ళీ కొట్టింది. ఒక్క తప్పు లేదు.

నీది జీపీటీ అనే కొత్త పద్ధతి డిస్కు, అందులో ఆ ఎక్స్‌టెండెడ్ గొడవ ఉండదు. ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని 100 ఎంబీదో 260 ఎంబీదో ఒకటుంటుంది, చూడ్డానికి ఎందుకూ పనికిరానట్టు. దాన్ని చెరిపావా, విండోస్ లేవదు. అందుకే సీ డ్రైవ్ కుదించాక ప్రతి ముక్క సైజూ, ఏది దేనిదో కాగితం మీద రాసుకో. ఇన్‌స్టాలర్‌లో పేర్లు వేరేగా కనిపిస్తాయి, సైజుని బట్టే పోల్చుకోవాలి. 'ఎరేజ్ డిస్క్' జోలికి అస్సలు పోకు.

డిస్కుకి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే దాని రికవరీ కీ 48 అంకెలు. తెలివిగా ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచేవు! రాసి మీ అమ్మకివ్వు.

అంతా అయ్యాక విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే కంగారుపడకు. లినక్స్ లోపలి గడియారాన్ని యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైములో, ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. ఒక్క కమాండ్‌తో పోయేదే, చెప్తాను.

ఆదివారం పెట్టుకో, ఆ రోజు నేను షాపు తెరవను. ఛార్జర్ తగిలించాకే మొదలుపెట్టు. ఆ తెర రాగానే ఫోటో తీసి పంపు. నేను సరే అనేదాకా ఏదీ నొక్కకు.

మావయ్య