కొండదారి: తొక్క కూడా చెత్తేనా అక్కా?

ప్రశ్న: మేం నలుగురం బెంగళూరు మారతహళ్లి నుంచి సావనదుర్గ కొండకి వెళ్లాం. పైన కమలాపండు తిని తొక్కలు బండ పగుల్లో పడేశాను. "మట్టిలో కలిసిపోయేదేగా" అన్నానని మా ఫ్రెండు అవి ఏరి నా బ్యాగులోనే పెట్టింది, కిందికి దిగేదాకా మాట్లాడలేదు. తొక్కలకి ఇంత రాద్ధాంతమా? ఇంకోటి, అడగడానికి సిగ్గుగానే ఉంది. అంత బోడికొండ మీద అవసరమొస్తే ఆడవాళ్లం ఏం చేయాలి? నెలసరి రోజులైతే?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ ఫ్రెండుదే రైటు, మాట్లాడటం మానేయడం ఒక్కటీ తప్ప. ఆ మాట నేనూ అన్నదాన్నే. మాది అనంతపురం, బత్తాయిని చీనికాయ అంటాం. కొన్నేళ్ల కిందట జనవరిలో మాకళిదుర్గ ఎక్కాం. మా హిందూపురం రైలు దారిలోనే వస్తుంది ఆ కొండ. మా ఆయన కాయలు ఒలిచిస్తుంటే నేను తింటూ తొక్కలు ఓ గుండు కిందికి తోశాను. ఏప్రిల్లో మళ్లీ అదే గుండు నీడన కూర్చున్నాం. తొక్కలు అక్కడే ఉన్నాయి! చెప్పు తోలులా బిరుసెక్కి, అంచులు ముడుచుకుని, మా ఆయన గోటిగాట్లతో సహా.

కలిసిపోవాలంటే మట్టి ఉండాలి, తడి ఉండాలి. బెంగళూరు చుట్టుపక్కల చాలా కొండలు నున్నటి రాతిగుండ్లు. సంక్రాంతి దాటాక ఉగాది దాకా చినుకు పడటమే గగనం. అక్కడ తొక్క కుళ్లదు, వడియంలా ఎండుతుంది. ఈలోపు కోతి దానికి మరిగిందంటే, మీ తర్వాత వచ్చేవాళ్ల బ్యాగు జిప్పు అదే తీస్తుంది.

ఇక రెండోది. సిగ్గెందుకు, నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇవే. కొడగు (కూర్గ్) లాంటి మట్టి అడవుల్లో అయితే దారికీ నీటికీ 200 అడుగుల దూరం, అంటే దాదాపు 70 అంగలు పక్కకి వెళ్లి, 6 నుంచి 8 అంగుళాల గుంట తీసి, పని కాగానే అదే మట్టితో పూడ్చాలి. కుండీల మట్టి తవ్వే చిన్న పార చాలు. మరీ లోతుకి పోవద్దు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పైమట్టిలోనే ఎక్కువ. సావనదుర్గలో ఈ లెక్క చెల్లదు, బండమీద గుంటెక్కడ తీస్తారు? కిందే పని ముగించుకుని ఎక్కాలి. అప్పటికీ తప్పకపోతే కవర్లో ఎత్తి కిందికి తేవాలి. ముఖం చిట్లించకండి. కబ్బన్ పార్కులో కుక్కది ఎత్తేవాళ్లని చూడటంలేదూ? (అందరూ ఎత్తరనుకోండి.)

ప్యాడ్ అయితే పాత పేపర్లో చుట్టి, చెంచాడు పొడి టీపొడి వేసి జిప్ కవర్లో పెట్టండి, దానిమీద నల్ల కవరు. టీపొడి వాసన పీల్చేస్తుంది. ఇంటికొచ్చాక ప్యాడ్లు, డైపర్లు వేసే ఎర్రబుట్టలోకి. వెట్ వైప్స్ కూడా అంతే. కాగితంలా కనిపిస్తాయి గానీ చాలావాటిలో ప్లాస్టిక్ పోగులుంటాయి.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో కుద్రేముఖ్ పైన టెంటు వేసి, క్యాంప్‌ఫైర్ పెట్టుకుందామని మావాళ్ల ప్లాను. మంట బండమీదే వేస్తాం. ఇబ్బందేమైనా ఉందా?
– ఓ పాఠకుడు, హోసకోటె

జవాబు: ప్లాను మార్చుకోండి. అది నేషనల్ పార్కు, పైన రాత్రి ఉండనివ్వరు. అటవీశాఖ దగ్గర ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకుని పొద్దున ఎక్కాలి, సాయంత్రానికి దిగాలి. ఆ కొండల నిండా గడ్డి. ఎండాకాలం వస్తే నిప్పు భయంతో దారి మూసేస్తుంటారు కూడా.

బండమీద వేస్తే పర్లేదని మీరనుకుంటున్నారు. మన రాతిపనివాళ్లు ఒకప్పుడు బండమీద మంటపెట్టి పలకలు లేపేవాళ్లు. వేడికి పైపొర ఉబ్బి విడివడుతుంది. మీ మంట అంతపని చేయకపోవచ్చు, పెచ్చులైతే ఊడతాయి. మసి మాత్రం ఏళ్ల తరబడి పోదు.

మంట మీద అంత మనసైతే, దిగాక హోంస్టే వాళ్లని అడిగి కట్టెలపొయ్యి దగ్గర కూర్చోండి. నేనలా కూర్చునే నీరుదోసె పోయడం నేర్చుకున్నా. మొదటి మూడూ చినిగాయి.