ప్రార్థన వేరు, పాఠం వేరు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ప్రైమరీ స్కూల్లో ప్రార్థనలు, సత్యోపదేశం (మన విశ్వాస పాఠాలు), ఇతర మతాల పాఠాలు అన్నీ నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. క్లాసులో కతోలిక పిల్లలతో పాటు ముస్లిం, హిందూ, సిక్కు పిల్లలూ ఉన్నారని, ఏం చేస్తే ఎవరు నొచ్చుకుంటారోనని నీకు బెంగగా ఉందని కూడా చెప్పింది. ఆ బెంగ ఉన్న మనిషి చేతిలోనే ఈ పని ఉండాలి. నాకు తెలిసింది రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

అందర్నీ మెప్పించాలని మన ప్రార్థనను పలచన చెయ్యొద్దు. యేసు పేరెత్తకుండా, సిలువ గుర్తు వేసుకోకుండా, నాలుగు నీతి వాక్యాలు చదివేసి దాన్నే ఉదయ ప్రార్థన అంటే కతోలిక పిల్లలకు దక్కేదేమీ ఉండదు, మిగతా పిల్లలకు తెలిసేదీ ఉండదు. పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులందరికీ అది కతోలిక బడి అని తెలుసు. దైవభక్తి ఉన్న చోటని కోరి తెచ్చి చేర్చేవాళ్లు వాళ్లలో చాలామందే ఉంటారు.

అలాగని ఏ పిల్లవాడి నోటా తనది కాని ప్రార్థన పలికించొద్దు. కతోలిక పాఠశాలల గురించి 1988లో వాటికన్ ఇచ్చిన పత్రం ఈ రెండింటినీ కలిపే చెప్పింది. సువార్తను ప్రకటించే స్వేచ్ఛను బడి వదులుకోకూడదు, పిల్లల మనస్సాక్షినీ గౌరవించాలి. అందించడం వేరు, రుద్దడం వేరు. విశ్వాసంలోకి ఎవరినీ బలవంతాన తీసుకురాకూడదని శ్రీసభ చట్టం, అంటే కతోలిక సంఘపు చట్టం, 748వ నిబంధన కూడా అంటోంది.

ఇదంతా తేలేది ఉదయం ప్రార్థనలోనే. అక్కడ నీ నోటివెంట వచ్చే మాటలు సరిచూసుకో. "అందరూ కళ్లు మూసుకుని నా వెంట చెప్పండి" అనకు. "నేనిప్పుడు పరలోక జపం చెబుతాను. ఇది మీ ఇంట్లో చేసుకునే ప్రార్థన అయితే నాతో కలవండి. కాకపోతే నిశ్శబ్దంగా ఉండండి, మీకు తెలిసినట్టు మనసులో దేవుణ్ణి తలుచుకోవచ్చు" అను. మాట్లాడకుండా కూర్చోవడం మర్యాద కాబట్టి అది అందరి నుంచీ అడగొచ్చు. చేతులు జోడించడం మాత్రం అడగకూడదు. ఒక్కోసారి స్నేహితుల్ని చూసి వేరే మతం పిల్ల కూడా సిలువ గుర్తు వేసుకుంటుంది. దాన్ని మెచ్చుకోకు, గద్దించకు. ఆ సంగతి వాళ్లమ్మకు నువ్వే చెప్పు, ఇంకెవరి ద్వారానో తెలియడం కన్నా అదే మంచిది. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఒప్పుకోనిదే పసిపిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వకూడదని అదే చట్టంలో 868వ నిబంధన. బడిలో ఆ ఊసు ఎత్తనే ఎత్తొద్దు.

బడిలో దివ్యపూజ (మాస్) జరిగే రోజు ఇంకో చిక్కు వస్తుంది. సత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మనం తీసుకునే అప్పానికి, వరుస కదిలేటప్పటికి బెంచీలు ఖాళీ అవుతాయి, అది తీసుకోకూడని ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒంటరిగా మిగిలిపోతారు. అలా మిగలడం ఇష్టం లేకే కొందరు తెలియకుండా వెళ్లి చెయ్యి చాపుతారు. ముందురోజే పిల్లలందరికీ వివరంగా చెప్పు. చాలా విచారణల్లో (పారిష్‌లలో) సత్ప్రసాదం తీసుకోనివాళ్లు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వస్తే గురువు ఆశీర్వదిస్తారు. మీ దగ్గర ఆ పద్ధతి ఉందో లేదో ఫాదర్‌ని అడుగు. అది కూడా వద్దనుకునే పిల్లల పక్కన ఒక టీచరు కూర్చోవాలి. ఈ ఏర్పాటు మాత్రం మరిచిపోకు.

ఇక ఇతర మతాల పాఠం. 1986 అక్టోబరు 27న రెండవ జాన్ పాల్ పోపు ఇటలీలోని అస్సీసీకి వేర్వేరు మతాల పెద్దల్ని పిలిచారు. ఎవరి ప్రార్థన వాళ్లు వేరే చోట చేసుకుని, తరువాత ఒక్కచోట చేరారు. ఎవరూ ఇంకొకరి ప్రార్థనను నటించలేదు. నీ క్లాసుకు అదే కొలమానం. ఇతరుల పూజనో నమాజునో పిల్లల చేత వేషం కట్టించి ఆడించొద్దు. చూడనివ్వు, విననివ్వు, అడగనివ్వు. గుడికో మసీదుకో గురుద్వారాకో తీసుకెళితే అక్కడి మనుషులు చెప్పినట్టు చెప్పులు విడిచి, తల కప్పుకుని మర్యాదగా ఉండడం నేర్పు. ఆరాధనలో పాల్గొనడం అందులో భాగం కాదని ముందే చెప్పు, లేకపోతే మన తల్లిదండ్రులూ కంగారు పడతారు.

ఏడేళ్ల పిల్లవాణ్ణి లేపి "నువ్వు ముస్లింవి కదా, రంజాను గురించి చెప్పు" అనడం పెద్ద తప్పు. వాడికి తెలిసింది వాళ్లింటి సంగతే, ఒక మతం మొత్తానికి వాణ్ణి ప్రతినిధిని చేస్తే వాడు నలిగిపోతాడు. చెప్పాలని వాడికే ఉంటే ఇంట్లో అడిగి, ముందుగా సిద్ధం చేసి చెప్పించు. వాళ్లమ్మానాన్నల్లో ఎవరైనా వచ్చి చెబితే మరీ మంచిది.

పోలికలు వెతకడం సులువు, తేడాలు దాచకుండా చెప్పడమే కష్టం. ఖురానులో 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్. మన మరియమాత పేరు అక్కడుందని తెలిస్తే పిల్లల కళ్లు ఇంతింతవుతాయి. ఆ సంతోషంలో అక్కడే ఆగిపోకు. ముస్లింలు యేసును ప్రవక్తగా గౌరవిస్తారు, దేవుని కుమారుడిగా నమ్మరు, మనం నమ్ముతాం అని ఆ రోజే చెప్పు. పిల్లలు ఆ తేడాకు బెదిరిపోరు. పెద్దవాళ్లు నసుగుతుంటేనే బెదురుతారు.

కేలండరు చూసుకుని పాఠాలు వేసుకో. ఈస్టరుకు ముందు మన ఉపవాసాల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం 2026లో ఫిబ్రవరి 18న వచ్చింది, రంజాను ఉపవాసాలూ ఆ వారమే మొదలయ్యాయి. రెండు ఉపవాసాల గురించీ పక్కపక్కనే మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? మన చట్టం ప్రకారం మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండాకే, ఉపవాస నియమం 18 నిండాకే. ఇస్లాంలోనూ చిన్నపిల్లలకు ఉపవాసం విధి కాదు. అయినా ముచ్చటపడి ఒక పూట ఉండే పిల్లలుంటారు. వాళ్లను బలవంతంగా తినిపించకు, ఆహా అని పొగడకు. ఇంటికి ఫోన్ చేసి కనుక్కో, నీరసపడకుండా చూసుకో.

తపస్సు కాలంలో శ్రమల గాథ, అంటే యేసు సిలువ మరణం కథ, చెప్పేటప్పుడు మరీ జాగ్రత్త. "యూదులు యేసును చంపారు" అనే మాట నీ నోట రాకూడదు. ఆ నేరాన్ని అప్పటి యూదులందరి మీదా, ఇప్పటి యూదుల మీదా మోపరాదని కతోలిక బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లోనే నోస్ట్రా ఏతాతే పత్రంలో తేల్చిచెప్పింది. యేసు యూదుడు, మరియ యూదురాలు, అపొస్తలులూ యూదులే అని ముందు చెప్పి, ఆ తరువాతే కథ మొదలుపెట్టు.

ఏదో ఒక రోజు ఎవరో ఒక పిల్ల నీ కొంగు పట్టుకుని "నా ఫ్రెండ్ జ్ఞానస్నానం తీసుకోలేదు, స్వర్గానికి వెళ్లదా?" అని అడుగుతుంది. "ఫాదర్‌ని అడుగు" అని తప్పించుకోకు. తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివాళ్లు చిత్తశుద్ధితో దేవుణ్ణి వెతుకుతూ, మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకుంటే రక్షణ పొందగలరని అదే మహాసభ 1964లో లూమెన్ జెన్సియుమ్ అనే పత్రంలో చెప్పింది. చిన్నపిల్లకు అంత చెప్పక్కర్లేదు. "మీ ఫ్రెండంటే నీకు ప్రేమ కదా, దేవుడికి అంతకన్నా ఎక్కువ ప్రేమ. ఆమెను ఆయన చేతుల్లో పెడదాం" అంటే చాలు. అది తప్పించుకోవడం కాదు, మన విశ్వాసమే.

సంవత్సరం మొదట్లోనే తల్లిదండ్రులందరినీ పిలిచి, ఏ నెలలో ఏ ప్రార్థన, ఏ పాఠం, ఏ సందర్శన అన్నది కాగితం మీద రాసి చేతికివ్వు. ఏది ప్రార్థనో, ఏది పాఠమో అందులో విడివిడిగా కనబడాలి. అభ్యంతరాలు రానీ, అప్పుడే వస్తే సర్దుకోవచ్చు.

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదలవకముందే నీ ప్లాను నాకు పంపు, చూసి ఎక్కడేం మార్చాలో రాస్తాను.

మీ పెద్దమ్మ