హార్డ్ రీసెట్ తర్వాత మాయమైన కమిట్లు వెనక్కి తెచ్చుకోవడం

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) హార్డ్ రీసెట్, అంటే ప్రాజెక్ట్‌ను పాత స్థితికి తీసుకెళ్లే కమాండ్, కొట్టాక గిట్ లాగ్‌లో నిన్నటి కమిట్లు (చరిత్రలో సేవ్ చేసిన మార్పులు) కనిపించడం లేదా? టెన్షన్ పడకండి. కమిట్ చేసిన పని అంత తేలిగ్గా పోదు. కమిట్ల విషయంలో రీసెట్ చేసేది బ్రాంచ్ (కమిట్ల వరసకు పెట్టిన పేరు) గుర్తును వెనక్కి జరపడమే. పాత కమిట్లు రిపోలోనే (ప్రాజెక్ట్ గిట్ నిల్వలోనే) ఉంటాయి, వాటిని చూపించే పేరే ఉండదు.

ముందు 'గిట్ రెఫ్‌లాగ్' అని కొట్టండి. హెడ్ (మీరు ఇప్పుడు ఏ కమిట్ మీద ఉన్నారో చూపించే గుర్తు) ఎప్పుడు ఎక్కడికి కదిలిందో వరసగా వస్తుంది. అందులో మీ రీసెట్ ఉన్న లైన్ వెతకండి. దానికి సరిగ్గా కింది లైన్‌లో ఉన్న హ్యాష్ (కమిట్ గుర్తింపు కోడ్) మీకు కావాల్సింది. దాన్ని కాపీ చేసుకుని 'గిట్ బ్రాంచ్' రాసి, పక్కన ఏదో ఒక కొత్త పేరు, ఆ తర్వాత హ్యాష్ ఇవ్వండి. కమిట్లన్నీ ఆ బ్రాంచ్‌లో ఉంటాయి. చాలామంది ఇక్కడ మళ్లీ హార్డ్ రీసెట్టే చేయమంటారు. అదీ పనిచేస్తుంది గానీ, ఈ మధ్యలో మీరు రాసి కమిట్ చేయనిది ఏమైనా ఉంటే అదీ ఊడ్చుకుపోతుంది. నేనైతే కొత్త బ్రాంచే అంటాను.

కమిట్ చేయని మార్పుల సంగతి వేరు. గిట్ యాడ్ (మార్పులను తర్వాతి కమిట్‌కు సిద్ధం చేసే కమాండ్) వరకు వచ్చినవైతే 'గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్' నడపండి. డాట్ గిట్ ఫోల్డర్‌లో పేర్లు లేని ఫైళ్లుగా దొరుకుతాయి, ఓపిగ్గా తెరిచి చూసుకోవాలి. యాడ్ కూడా చేయనివి గిట్‌కు తెలియనే తెలియవు. ఎడిటర్ లోకల్ హిస్టరీలో వెతకండి.

ఇలా రీసెట్‌తో బ్రాంచ్ నుంచి తెగిపోయిన కమిట్ల వివరాలు రెఫ్‌లాగ్‌లో మామూలుగా 30 రోజులే ఉంటాయి. పైగా రెఫ్‌లాగ్ మీ మెషిన్‌లోనే ఉంటుంది కాబట్టి రిపోను కొత్తగా క్లోన్ (కాపీ) చేసి వెతక్కండి, రీసెట్ చేసిన ఫోల్డర్‌లోనే కొట్టండి.