సిగరెట్ మానేవాళ్లను వేప్ ఎందుకంత లాగుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. చాలా ఏళ్లుగా సిగరెట్ తాగుతున్నాను. మానాలని మొదట నికోటిన్ ప్యాచ్ వాడాను, అది కుదరక గమ్ నమిలాను. రెండింటితోనూ నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఏదో వెలితి, మళ్లీ సిగరెట్. విదేశంలో ఉండే మా తమ్ముడు మాత్రం వేప్ అని పిలిచే ఈ-సిగరెట్‌కి మారి ఏడాదిగా సిగరెట్ ముట్టలేదట. అందులో ఉన్నదీ నికోటినే కదా, మరి ప్యాచ్ ఇవ్వలేనిది అదేం ఇస్తోంది?
– ఒక పాఠకుడు

జవాబు: నికోటిన్ ఒకటే, కానీ అది ఒంట్లోకి వెళ్లే దారి వేరు. ప్యాచ్ నుంచి నికోటిన్ చర్మం గుండా గంటల తరబడి నెమ్మదిగా ఎక్కుతుంది. దమ్ము లాగినప్పుడు మాత్రం ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి దిగి 10 నుంచి 20 సెకన్లలో మెదడుకి చేరిపోతుంది. ఇన్నేళ్లుగా మీ మెదడు అలవాటు పడింది ఆ వేగానికే. ప్యాచ్ చిరాకుని కొంత తగ్గిస్తుంది గానీ, టెన్షన్‌లో ఒక దమ్ము లాగగానే వచ్చే ఆ తక్షణ ఊరటని ఇవ్వలేదు. ఈ-సిగరెట్ కూడా పీల్చేదే కాబట్టి ఈ విషయంలో సిగరెట్‌కి దగ్గరగా వస్తుంది. మొదట్లో వచ్చిన పరికరాలు ఇంత బాగా పనిచేసేవి కాదు. తర్వాత నికోటిన్‌కి బెంజాయిక్ ఆమ్లం లాంటివి కలిపి, గొంతు మంట తగ్గించి, ఎక్కువ నికోటిన్‌ని సులువుగా పీల్చగలిగేలా చేశారు. వీటినే నికోటిన్ సాల్ట్స్ అంటారు.

కానీ మీరు చెప్పిన వెలితి నికోటిన్‌ది మాత్రమే కాదు. గొంతులో గీరినట్టు తగలడం, ఛాతీ నిండడం, ఊదిన పొగ కళ్ల ముందు కనబడడం, వేళ్ల మధ్య ఏదో ఒకటి ఉండడం, ఇవన్నీ ఏళ్ల తరబడి నికోటిన్‌తో ముడిపడిపోయాయి. నికోటిన్ దాదాపుగా తీసేసిన సిగరెట్లు ఇచ్చి చేసిన ప్రయోగాల్లో, వాటిని తాగినవాళ్లకి కూడా కాసేపటి వరకు యావ తగ్గింది. అంటే మెదడు నికోటిన్ కోసం ఎంత ఎదురుచూస్తుందో, ఆ తంతు కోసం కూడా దాదాపు అంతే ఎదురుచూస్తుంది. దీనికి తోడు పని మధ్యలో లేచి బయటికి వెళ్లడం, నలుగురితో నిలబడి మాట్లాడడం కూడా ఉంది కదా. ప్యాచ్ వేసుకున్నవాళ్లు ఇవన్నీ ఒకేసారి పోగొట్టుకుంటారు, వేప్‌కి మారినవాళ్లకి దాదాపు అన్నీ మిగులుతాయి. మారినవాళ్లు చాలామంది “మానేసినట్టే అనిపించలేదు” అనేది అందుకే. ప్యాచ్‌తో ఓడిపోయినవాళ్లని మనోబలం లేదని తిట్టడం నాకు అస్సలు నచ్చదు, వాళ్లు నిజంగానే ఎక్కువ వదులుకోవాల్సి వచ్చింది.

ఇక వాసన. బట్టలకి, వేళ్లకి, నోటికి పట్టిన కంపు పోతుంది, పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికి సంకోచం ఉండదు, కొన్నాళ్లకి నాలుకకి రుచి కూడా తిరిగొస్తుంది. పండ్ల రుచులకో పుదీనా రుచికో అలవాటు పడ్డాక మళ్లీ సిగరెట్ వెలిగిస్తే చేదుగా, మసి తిన్నట్టుగా ఉందని చెప్పేవాళ్లున్నారు. నికోటిన్ మోతాదుని మెట్టు మెట్టుగా దించుకోవచ్చన్నది ఇంకో ఆకర్షణ, సిగరెట్‌తో ఆ వీలు లేదు.

ఆరోగ్యం మాటకొస్తే, అసలు తేడా అంతా మండడంలోనే ఉంది. దమ్ము లాగేటప్పుడు సిగరెట్ కొన దగ్గర వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఆ మంటలోంచే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రసాయనాలు పుడతాయి. క్యాన్సర్ తెచ్చేవే వాటిలో 70 దాకా ఉన్నాయి. బ్రిటిష్ మానసిక వైద్యుడు మైఖేల్ రస్సెల్ 1976లోనే చెప్పాడు, జనం పొగ తాగేది నికోటిన్ కోసమే అయినా చనిపోయేది తారు వల్ల అని. 2003లో చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ తయారుచేసిన ఈ-సిగరెట్‌లో పొగాకు మండదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచులు కలిపిన ద్రవం వేడెక్కి ఆవిరిలా వస్తుంది. కాబట్టి పొగతాగేవాళ్లకి హాని బాగా తగ్గుతుంది. తగ్గుతుంది అంటున్నాను, లేదు అనడం లేదు. ఆ ఆవిరిని 30, 40 ఏళ్లు పీల్చినవాళ్లు ఇంకా ఎవరూ లేరు.

మీ తమ్ముడి అనుభవం నిజమే, కానీ అందరికీ అలా జరగదు. 2019లో ప్రచురితమైన ఒక బ్రిటన్ అధ్యయనంలో 886 మందికి ఈ-సిగరెట్ గానీ, ప్యాచ్, గమ్ లాంటివి గానీ ఇచ్చారు. ఏడాది తర్వాత ఈ-సిగరెట్ వర్గంలో 18 శాతం మంది, రెండో వర్గంలో 9.9 శాతం మంది సిగరెట్‌కి దూరంగా ఉన్నారు. దాదాపు రెట్టింపు, చిన్న తేడా కాదు. అయితే అలా మానినవాళ్లలో, ఈ-సిగరెట్ వర్గంలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ లాగుతూనే ఉన్నారు, రెండో వర్గంలో ప్యాచో గమ్మో ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే. నన్ను కలవరపెట్టేది ఇదే. సిగరెట్‌కి ఒక ముగింపు ఉంటుంది, నాలుగైదు నిమిషాల్లో కాలి ఆరిపోతుంది. వేప్‌కి అది లేదు. మంచం మీదా, సినిమా చూస్తూనూ, ఫోన్ మాట్లాడుతూనూ ఒక్కో దమ్ము లాగుతూనే ఉండొచ్చు. సిగరెట్ నుంచి ఇటు లాక్కొచ్చిన సుఖమే ఇక్కడినుంచి కదలనివ్వదు.

మీరు భారతదేశంలో ఉంటే ఇంకో సంగతి. అక్కడ 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నిషేధం. చాటుగా దొరికే సరుకులో ఏముందో చెప్పే దిక్కుండదు. అదే ఏడాది అమెరికాలో వేప్ చేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది వాడింది అలాంటి సరుకే, గంజాయి నూనెలో విటమిన్ ఈ అసిటేట్ కలిపినది. కాబట్టి మీకు నా సలహా వేరు. మీరు ప్యాచ్, గమ్ ఒకదాని తర్వాత ఒకటి వాడారు. రెండూ కలిపి వాడండి, ఒక్కటే వాడినదానికన్నా మంచి ఫలితం ఉంటుందని రుజువైంది. రోజంతా ప్యాచ్, యావ ఎగదన్నినప్పుడు గమ్. గమ్‌ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమలకండి. నాలుగుసార్లు నమిలి, ఘాటు తగలగానే దవడ పక్కన పెట్టి ఆపండి. నికోటిన్ నోటి పొరలోంచి వెళ్లాలి, మింగితే వృథా, పైగా కడుపులో మంట. అప్పటికీ కుదరకపోతే వారెనిక్లిన్, బ్యుప్రోపియాన్ అనే మందులున్నాయి, మిమ్మల్ని చూసే డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: రోజుకి 20 సిగరెట్లు తాగేదాన్ని, ఇప్పుడు రెండే, మిగతా టైమంతా వేప్. ఇక భయం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. గుండె విషయంలో లెక్క అలా తగ్గదు. ఎన్నో అధ్యయనాలని కలిపి 2018లో చూస్తే, రోజుకి ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగేవాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో అందులో దాదాపు సగం ఉన్నట్టు తేలింది. 18 తగ్గించారు, అది కష్టమైన పనే, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ రెండూ మిగిలినంతకాలం వేప్‌కి మారిన లాభం చాలావరకు చేతికి రాదు. ఆ రెండూ ఎప్పుడు తాగుతున్నారో చూసుకోండి, లేవగానే ఒకటీ భోజనం తర్వాత ఒకటీ అయితే, ముందు ఆ రెండు వేళలకే వేరే ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: మా 16 ఏళ్ల అబ్బాయి బ్యాగులో వేప్ దొరికింది. “సిగరెట్ కంటే మేలే కదమ్మా” అంటున్నాడు. ఏం చెప్పాలో తెలియట్లేదు.
– ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆ మాట సిగరెట్ తాగేవాళ్లకి వర్తిస్తుంది, మీవాడికి కాదు. వాడు పోల్చుకోవాల్సింది సిగరెట్‌తో కాదు, ఏమీ పీల్చని తన స్నేహితులతో. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, నికోటిన్‌కి త్వరగా లొంగుతుంది. కేకలేస్తే దాచడం నేర్చుకుంటాడు. నెమ్మదిగా కూర్చోబెట్టి ఒక్కటి అడగండి, పొద్దున్న లేచిన అరగంటలోపే అది కావాలనిపిస్తోందా అని. లేదు అని చెబితే మీరు మాట్లాడితే సరిపోవచ్చు. అవునంటే మాత్రం వాడికి నికోటిన్ బాగా పట్టేసినట్టే, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించండి.