ఆధ్వర్యం, సారథ్యం, నాయకత్వం

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో మేనేజరుగా చేస్తున్నాను. మా సూపర్‌వైజర్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లకు ఒక క్లాసు చెప్పమని ఓనరుగారు పురమాయించారు. నాకు పాత అమెరికా టీవీ సీరియల్ ‘మెక్‌గైవర్’ హీరో అంటే ఇష్టం. ‘యాక్షన్ హీరో నేర్పే వ్యాపార నాయకత్వ పాఠాలు’ అని మొదలుపెట్టాను. నాయకత్వం, నేతృత్వం, సారథ్యం, ఆధ్వర్యం అన్నీ ఒకటేనా? ‘నాయకత్వపు పాఠాలు’ అనాలని మా తెలుగు మాస్టారు అంటున్నారు. ఆడవాళ్లను ‘నాయకి’ అనవచ్చా?

సమాధానం: నాయకత్వం, నేతృత్వం రెండూ ‘నీ’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. వెంట తీసుకుపోవడం, నడిపించడం దాని అర్థం. అర్థంలో తేడా లేదు, వాడుకలో ఉంది. నేతృత్వం పత్రికల్లో, సభల్లో తప్ప మామూలు మాటల్లో వినపడదు. నాయకుడు మాత్రం జనం నోట నలిగి నలిగి నాయుడు కూడా అయ్యాడు. మీ క్లాసుకు నాయకత్వం చాలు.

సారథ్యం వేరు. సారథి రథం తోలేవాడు. రథమూ యుద్ధమూ ఇంకొకరివి, పగ్గాలు మాత్రం ఇతని చేతిలో. జీతానికి పనిచేసే మేనేజరుకు నాయకత్వం కన్నా ఇదే బాగా అతుకుతుంది, మీరేమీ అనుకోనంటే. రాసేటప్పుడు ‘థ’ మరిచిపోకండి. ‘సారధ్యం’ అని బ్యానర్ల మీద వేసేస్తున్నారు, అది తప్పు.

ఆధ్వర్యం దగ్గర కాస్త ఆగాలి. యజ్ఞంలో ముఖ్యులు నలుగురు: హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ. హోత ఋక్కులు చదువుతాడు, ఉద్గాత సామం పాడతాడు. అధ్వర్యుడిది చేతిపని. నేల కొలవడం, వేదిక కట్టించడం, పాత్రలు సర్దుకోవడం, హోమం చేయడం అన్నీ ఆయనవే. ఇక బ్రహ్మ ఓ పక్కన కూర్చుని అంతా గమనిస్తూ, పొరపాటు జరిగితే సరిదిద్దుతాడు. మన సూపర్‌వైజరు ఉద్యోగం లాంటిది అప్పుడూ ఉందన్నమాట! అధ్వర్యుడి పనిని సంస్కృతంలో ‘ఆధ్వర్యవం’ అంటారు. తెలుగులో ఆ ‘వ’ రాలిపోయి ఆధ్వర్యం మిగిలింది. ఇప్పుడు దాన్ని తప్పు అనడం పనిలేని పని. కానీ అర్థం మాత్రం తలకిందులైంది. ‘ఫలానా సంఘం ఆధ్వర్యంలో రక్తదాన శిబిరం’ అంటే ఆ సంఘం పేరు మీద, ఆ సంఘం ఖర్చుతో అని. చేయి తడవనివాళ్లే ఈ రోజుల్లో ఆధ్వర్యం వహిస్తున్నారు.

పాత అర్థంలో చూస్తే మీ హీరో అసలైన అధ్వర్యుడే. ఆ సీరియల్ 1985లో ఏబీసీ చానల్లో మొదలై 1992 దాకా నడిచింది. హీరో తుపాకీ అంటే దూరం. జేబులో స్విస్ ఆర్మీ కత్తి, చేతికందిన టేపు, బుర్రలో సైన్సు, ఇవే ఆయన ఆయుధాలు. మొదటి ఎపిసోడ్‌లోనే సల్ఫ్యూరిక్ ఆమ్లం కారుతున్న చోట చాక్లెట్లు అడ్డం పెడతాడు. చాక్లెట్లోని చక్కెర ఆమ్లం తగిలి బొగ్గులా, జిగురులా మారి కంత పూడుకుంటుంది. అయినా ‘మెక్‌గైవర్ ఆధ్వర్యంలో’ అని మీరు రాస్తే, క్లాసు ఖర్చు ఆయనే పెట్టుకున్నాడేమో అనుకుంటారు మీవాళ్లు. పుస్తకంలోని అర్థం కన్నా జనం నోట్లోని అర్థమే చెల్లుతుంది. గిడుగు రామమూర్తిగారు పుట్టిన జిల్లావారికి ఈ సంగతి నేను చెప్పాలా?

మీరు అడగని సందేహం ఒకటి నాకు వచ్చింది. మెక్‌గైవర్ ఎవరికి నాయకుడు? సీరియల్లో ఆయన పనిచేసే సంస్థ ఫీనిక్స్ ఫౌండేషన్‌లో ఆయన పైన అధికారి ఉన్నాడు గాని, ఆయన కింద మీ ఫ్లోరులో లాగా పాతికమంది లేరు. చాలా కథల్లో ఒక్కడే వెళ్తాడు, ఉపాయంతో బయటపడతాడు, కథ అయిపోతుంది. మీ దగ్గర కథ అలా అయిపోదు. గ్రేడింగ్ బల్ల మీద 240 రకం గుండ్లలో, అంటే విరగని పప్పుల్లో, 320 రకం కలిసిపోతున్నాయనుకోండి. ఆ అంకె కౌంటు, అంటే ఒక పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క; అది పెరిగే కొద్దీ పప్పు చిన్నది, రేటు తక్కువ. అప్పుడు సూపర్‌వైజరమ్మ ఏదో ఉపాయం వేసి ఆ పూట గట్టెక్కిస్తే చాలదు. ఆ బల్ల దగ్గరి వాళ్లకు తేడా కనిపెట్టడం నేర్పాలి, మర్నాడు మళ్లీ వాళ్ల పక్కనే నిలబడాలి. మెషీనుకు టేపు చుట్టి నడిపించడం సీరియల్లో చప్పట్లు కొట్టించేదే, తిండి సరుకు తయారయ్యే చోట మాత్రం చివాట్లు తినిపించేది. కాబట్టి ఈ హీరో నుంచి తీసుకోదగ్గది ‘ఉపాయం’. ‘సమయస్ఫూర్తి’ కూడా మంచి మాటే గాని, ఇప్పుడది ఎక్కువగా చమత్కారంగా బదులు చెప్పేవాళ్లకు పోయింది. ‘మెక్‌గైవర్ ఉపాయాలు – మన ఫ్యాక్టరీ పాఠాలు’ అని పెట్టి చూడండి.

నాయకత్వం గురించి చెప్పాలంటే మాత్రం మీ చుట్టుపక్కలే మాటలున్నాయి. మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చి మనదైపోయింది. తాపీ మేస్త్రీ గోడ కడుతూనే పదిమందితో కట్టిస్తాడు. మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్లే మత్స్యకారులు ‘తండేల్’ అనే మాట తెచ్చుకున్నారు. బోటులో ఉన్నవాళ్లందరినీ వేటకు నడిపి, తిరిగి ఒడ్డుకు చేర్చే పెద్ద అతను. 2025లో ఆ పేరుతో సినిమా వచ్చాక మాట రాష్ట్రమంతా తెలిసింది. నిఘంటువులో ఉందా లేదా అని చూడకుండా వాడుకోండి.

మీ మాస్టారి మాటకు వస్తే, ఆయన చెప్పినదీ ఒప్పే, మీరు రాసినదీ ఒప్పే. ‘సరసము’ మీద ‘మాట’ చేరితే ‘సరసపు మాట’ అయినట్టు ‘నాయకత్వము’ కూడా ‘నాయకత్వపు’ కావచ్చు. ‘నాయకత్వ’ అంటే సంస్కృత సమాసంలా కుదురుతుంది, వాడుకలో అదే ఎక్కువ. నాకైతే ‘పు’ ఉన్నప్పుడే తెలుగులా వినిపిస్తుంది, అయినా శీర్షికలో చోటు మిగలాలంటే ‘పు’ లేకపోవడమే మేలు.

‘నాయకి’ వద్దు. సంస్కృతంలో నాయక శబ్దానికి స్త్రీలింగం ‘నాయికా’, అదే మనకు ‘నాయిక’. కానీ తెలుగులో నాయిక అంటే సినిమా హీరోయినే గుర్తొస్తుంది. మీ ఫ్లోరులో పనిచేసే ఆమెను ‘నాయకురాలు’ అనండి. ‘నేత’ అంటే ఆడవాళ్లకూ మగవాళ్లకూ చెల్లుతుంది గాని, చేనేతల జిల్లాలో అది మగ్గం నేత అనుకునే ప్రమాదం ఉంది.