మూడున్నరేళ్లు దాటినా పెన్సిల్ పట్టడం రావట్లేదు.. నరాల బలహీనతా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా బాబుకు మూడేళ్ల ఎనిమిది నెలలు. ఈ ఏడే ఎల్‌కేజీలో వేశాం. సున్నా చుడతాడు, అన్నం తనే కలుపుకొని తింటాడు. కానీ పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటాడు, 'ఏ' రాయమంటే రాదు. రోజూ రెండు పేజీలు రాయించమంటున్నారు టీచర్. వాడేమో ఏడుస్తున్నాడు. నరాల బలహీనత ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, సున్నా చుడతాడని రాశారు చూడండి, నాకు కావాల్సింది ఆ మాటే. మూడేళ్లకు రావాల్సింది అదే. నాలుగేళ్లకు ప్లస్ గుర్తు, నాలుగున్నర ప్రాంతంలో చదరం, ఐదేళ్లకు త్రిభుజం చూసి గీయగలుగుతారు. ఇంగ్లిష్ 'ఏ'లో ఉన్నవి రెండు ఏటవాలు గీతలు. అవి త్రిభుజంతోపాటే వస్తాయి. మన 'అ'లోని మెలికలు ఇంకా కష్టం. టీచర్ అడుగుతున్నది ఏడాది ముందు పని.

చేతి పట్టు భుజం నుంచి మొదలై మోచేయి, మణికట్టు దాటి చివరికి వేళ్లకు చేరుతుంది. పుట్టినప్పుడు మణికట్టులో ఉండేది మృదులాస్థే. అందులోని ఎనిమిది ఎముకలు గట్టిపడటం పూర్తయ్యేసరికి పదేళ్లు దాటుతాయి. మూడు వేళ్లతో పెన్సిల్ పట్టడం నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుకుంటుంది.

అందుకే ఆ రెండు పేజీలు పక్కన పెట్టండి. బత్తాయికి మీరు గాటు పెట్టివ్వండి, తొక్క వాడు ఒలుస్తాడు. రొట్టెలు చేసేటప్పుడు పిండి ముద్ద ఒకటి వాడి చేతికివ్వండి. నేల మీద సుద్దముక్కతో గీయనివ్వండి. ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది, పిడికిలికి అందదు కాబట్టి వేళ్లతోనే పట్టాలి. ఉడకబెట్టిన పల్లికాయలు ఒలవడమూ మంచిదే, కానీ గింజలు నోట్లో వేసుకోకుండా పక్కనే ఉండండి. ఈ వయసులో పల్లీ గింజ గొంతుకు అడ్డంపడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక చెయ్యే వాడుతూ రెండోది వదిలేసినా, నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేకపోయినా మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. చిన్నపిల్లలున్న మిగతా తల్లులూ గమనించండి: ఏడాది నిండినా బొటనవేలు, చూపుడువేలుతో మరమరాల గింజ ఏరలేకపోతే, ఏడాదిన్నర లోపే ఒక చేతివాటం గట్టిగా కనిపిస్తే చూపించాల్సిందే. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాన్ని అడిగినా సరే, అవసరమైతే వాళ్లే పెద్దాసుపత్రికి పంపిస్తారు.

మీ బాబుకు ఇప్పుడు స్కాన్‌లు, నరాల టానిక్‌లు ఏమీ అక్కర్లేదు. నాలుగున్నరేళ్లకు కూడా ప్లస్ గుర్తు రాకపోతే ఒకసారి తీసుకురండి, కళ్లు కూడా చూద్దాం.